కిటికీ కింద తడి

శుక్రవారం ఉదయం పదిన్నరకు, చూడడానికి వచ్చినవాళ్లు ఇంకా గుమ్మంలో ఉండగానే, ఇల్లు అమ్ముతున్నావిడ చెప్పేసింది. వానాకాలంలో కింది గదిలోకి నీళ్లొచ్చేవి.

వచ్చిన భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నీటి సరఫరా శాఖలో మీటర్ రీడర్. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఇంటావిడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. మోకాళ్లు మెట్లెక్కనివ్వక చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. వీధిలో ఆమెను నర్సమ్మ అంటారు.

“వచ్చేవంటే?” అన్నాడు మీటర్ రీడర్.

“గోడ పక్కన మట్టి కాలవ ఉండేది బాబూ. గట్టి వాన పడితే పొంగి గోడలోంచి దిగేది. చీలమండల దాకా నిలిచిన రోజులున్నాయి. కాలవ లోతు చేయించి సిమెంటు వేయించాను. ఆ తర్వాత రెండు వానాకాలాలు పోయాయి, నీళ్లు రాలేదు. ఇకమీదట రావని మాత్రం చెప్పలేను.”

ఇల్లు ఏటవాలు వీధిలో ఉంది. ముందు గదిలోంచి కొన్ని మెట్లు దిగితే కింది గది. కిటికీ వీధి మట్టానికి కాస్త పైన ఉంది, వెలుతురు నేరుగా గది మధ్యలో పడుతోంది. కుట్టే ఆవిడ ఆ వెలుతురులో నిలబడి చేతిసంచిలోంచి టేపు తీసింది. ఇప్పుడు ఆమె మిషను హాల్లో ఉంది. అన్నాలు తినే వేళకు కత్తిరించే బల్ల మడవాలి, తిన్నాక మళ్లీ పరవాలి. ఊళ్లోవాళ్లు ఇచ్చిన బట్టలన్నీ మంచాల కింద మూటల్లో ఉంటాయి. ఆమె టేపును ఆ గోడ నుంచి ఈ గోడకు లాగి, బొటనవేలు అంకె మీద పెట్టి, పెదవులు కదుపుతూ లెక్క వేసుకుంది. రెండు మిషన్లు, బల్ల, అలమర పడతాయి.

ఆమె భర్త గోడ కింది భాగం చూస్తున్నాడు. చీలమండ ఎత్తున పసుపు గీత ఒకటి ఆ చివర నుంచి ఈ చివరకు పోయింది.

“దీని మీద రంగు వేయించలేదేం?”

“వేయిస్తే మీకెలా తెలుస్తుంది?” అంది నర్సమ్మ.

ఆయన గోడను వేలి కణుపుతో కొట్టి విన్నాడు. పొడి వస్తుందేమోనని గోరుతో గీశాడు. ఇంట్లో కొళాయిలన్నీ కట్టించి, బయట మీటరు దగ్గర గొంతుక్కూర్చుని, అద్దం కింద చిన్న ఎర్ర చక్రాన్ని చూస్తూ ఉండిపోయాడు. గొట్టం ఎక్కడ కారుతున్నా ఆ చక్రం ఊరుకోదు. చాలాసేపు చూశాడు. కదల్లేదు.

“తిరగలేదా బాబూ?” అని నర్సమ్మ పైమెట్టు మీద నుంచి అడిగింది.

“లేదు.”

“అందుకని అలా దిగులు పడితే ఎలా?”

బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చున్నాడు. 

“ఇంకేదో ఉంది,” అన్నాడు రెండు స్టాపులు దాటాక. “తన లోపం తనే చెప్పుకునే అమ్మకందారు ఎక్కడైనా ఉంటాడా? పెద్దది కప్పెట్టడానికి చిన్నది ముందు పడేస్తారు. మీటరు తిరగకుండా అయస్కాంతం అంటించినవాడే నాకు ముందు కుర్చీ వేస్తాడు.”

“కుర్చీ వేయనివాళ్లు?”

“వాళ్లూ అంటిస్తారు.”

ఆమె ఒళ్లో టేపు చుట్టుకుంది.

వాళ్లిల్లు అమ్ముడైతేనే నర్సమ్మ ఇల్లు కొనగలరు. కొనేవాళ్లు కుదిరారు. మందుల షాపులో పనిచేసే ఒకతను, అతని భార్య, చిన్న కూతురు. సోమవారం లాయరు ఆఫీసులో సంతకాలు. ఆలస్యమైతే నర్సమ్మ ఇల్లు చూడడానికి వచ్చేవారం వేరేవాళ్లు వస్తారని బ్రోకరు ముందే చెప్పి ఉంచాడు.

శుక్రవారం మధ్యాహ్నం కుట్టే ఆవిడ తమ్ముడు వచ్చాడు. టాక్సీ నడుపుతాడు. బావ కబురు పెట్టింది బీరువా జరపడానికి. వాళ్లింటి వెనక గదిలో తలుపు పక్కనున్న బీరువాను కిటికీ కిందికి నెట్టాలి. ఆ కిటికీ కింద గోడకు, గాలివాన వచ్చినప్పుడల్లా, బయట నుంచి తడి దిగుతుంది. ఏటా సున్నం ఉబ్బి రాలుతుంది. పోయిన నెల మీటర్ రీడర్ తనే ఆదివారం కూర్చుని గోడ గీకి, నీళ్లాపే పూత రెండుసార్లు పూసి, పైన లేత నీలం రంగు వేశాడు.

“ఈ బీరువా అక్క పెళ్లినాటి నుంచీ కదలలేదు. ఇప్పుడు దీనికి ప్రయాణం పెట్టావేం బావా?” అన్నాడు తమ్ముడు, భుజం ఆనించి నెడుతూ.

“గది పెద్దగా కనిపిస్తుంది.”

“నీ కంటికా, వాళ్ల కంటికా?”

“నెట్టరా ముందు.”

బీరువా గోడకు దగ్గరయ్యే లోపు ఆమె వచ్చి, సందులో చెయ్యి పెట్టి, ఒక గుడ్డముక్క లాగింది. లైనింగు గుడ్డ, గంజి పోనిది. పూత ఆరాక తనే రెండు మేకుల మధ్య గోడకు ఆనించి పెట్టింది. బుధవారం సాయంత్రం గాలితో కాసేపు జల్లు పడింది. గుడ్డ అంచున ఇప్పుడు గోధుమరంగు చార ఉంది. ఆ చార దగ్గర గంజి మెత్తబడి, గుడ్డ వేళ్ల మధ్య వాలిపోయింది.

ఆమె దాన్ని భర్త ముందు పట్టుకుంది.

“అది గోడ చెమట,” అన్నాడు ఆయన.

“గోడకి చెమట పడుతుందా?”

“నీళ్ల శాఖలో పనిచేసేది నువ్వా నేనా?”

తమ్ముడు బీరువా మీద మోచేయి ఆనించి నవ్వాడు. “అక్కా, ఊరుకో. బావ చెప్తే గోడకి జలుబు కూడా చేస్తుంది.” తర్వాత నవ్వు ఆపి, “సోమవారం ఆ లాయరు అడుగుతాడుగా బావా?” అన్నాడు.

అడుగుతాడు. అమ్మేవాళ్లు ఇంటి గురించి తమకు తెలిసిన లోపాలు కొనేవాళ్లకు చెప్పి తీరాలి. చెదలు, పగుళ్లు, నీళ్లు. లాయరు ఒక్కొక్కటి పైకి చదివి, వాళ్లందరి ముందూ జవాబు తీసుకుంటాడు. తెలిసి దాచినట్టు తర్వాత తేలితే కొన్నవాళ్లు కోర్టుకెక్కవచ్చు.

“తెలిసిన లోపాలనేగా అడిగేది,” అన్నాడు మీటర్ రీడర్. “అక్కడుంది కిటుకు. పూత వేశాక గట్టి వాన పడిందా? పడలేదు. పడనప్పుడు కారుతుందని నాకెలా తెలుస్తుంది?”

“నర్సమ్మకి రెండు వానాకాలాల నుంచి కారట్లేదని తెలుసు. అయినా చెప్పింది,” అంది ఆమె.

“అందుకేగా నాకు అనుమానం.”

ఆమె గుడ్డముక్కను చార లోపలికి వచ్చేలా మడిచి, మిషను సొరుగులో పెట్టింది.

శనివారం ఆయనకు సెలవు. అయినా ఖాకీ చొక్కా తొడుక్కుని నర్సమ్మ వీధికి వెళ్లాడు. ఆమె పక్కింట్లో వడ్రంగి ఉంటాడు. మీటరు చూడాలని లోపలికి వెళ్లి, మూత ఎత్తి, అంకెలు చదువుతున్నట్టు కూర్చుని, పక్కింటి నీళ్ల సంగతి కదిపాడు.

వడ్రంగి చిత్రిక పడుతున్న చెక్క మీద నుంచి చెయ్యి తీయలేదు. “ఆవిడతో మాకు మాటల్లేవు. మా మామిడి చెక్కల చప్పుడుకి ఆవిడకి నిద్ర పట్టదట. కాలవ సంగతి మాత్రం నిజమే. సిమెంటు వేశాక పొంగలేదు.”

ఇంటికొచ్చి ఇదే భార్యకు చెప్పాడు. “మాటల్లేవంటాడు, మళ్లీ వెనకేసుకొస్తాడు. ఇద్దరూ ఒకటే. ఒక్క గట్టి వాన పడనీ. ఆ కింది గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటా. ఏం దిగుతుందో చూస్తా.”

“కూర్చోండి,” అంది ఆమె. చొక్కా కాలరు తిప్పి కుడుతోంది. గుండుసూది పెదవుల మధ్య ఉండడంతో మాట సగమే వచ్చింది.

మధ్యాహ్నం ఆమె ఒక్కతే వెళ్లింది. తలుపు వెడల్పు చూసుకోవాలంది, మిషను దిగుతుందో లేదో. నర్సమ్మ మోకాలికి గుడ్డ చుట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

“మీ ఆయన పొద్దున పక్కింటికి వచ్చారట తల్లీ. ఈ నెలలో వాళ్ల మీటరు చూడడం రెండోసారట. నీళ్లు ఎక్కువ వాడేశామా అని వాళ్లావిడ కంగారు పడి బట్టలు ఉతకడం మానేసింది.”

ఆమెకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టేపు లాగి తలుపు కొలిచింది. కొలిచినదాన్నే మళ్లీ కొలిచింది.

“నీకూ నమ్మకం కుదరలేదా?” అంది నర్సమ్మ.

“నాకు ఈ గది కావాలమ్మా. అందుకే ఎక్కువ ఆలోచించడానికి భయంగా ఉంది.” మళ్లీ తనే అడిగింది. “ముందు వచ్చినవాళ్లకీ చెప్పారా?”

“అందరికీ చెప్పాను. విని వెళ్లిపోయారు. ఒకాయన మెట్లు కూడా దిగలేదు.”

“మరి మాకూ ఎందుకు చెప్పారు?”

నర్సమ్మ ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసింది. “వార్డులో డ్యూటీ దిగేటప్పుడు, తర్వాత వచ్చే ఆవిడకి మంచం మంచానికీ తిరిగి అప్పజెప్పి వెళ్లాలి. ఈయనకి జ్వరం వచ్చింది, తగ్గింది. తగ్గినా వచ్చిందని చెప్పాలి. చెప్పకుండా ఇంటికెళ్తే అన్నం సహించదు. ఇన్నేళ్లు అదే పని చేశాను. ఇల్లు కూడా అలాగే అప్పజెప్తున్నాను. నీకు వేరే పద్ధతి తెలిస్తే చెప్పు.”

ఆమె టేపు చుట్టుకుని బయల్దేరింది.

ఆదివారం ఉదయం మందుల షాపు అతనూ భార్యా గదులు కొలుచుకోవడానికి వచ్చారు. మీటర్ రీడర్ ఇంట్లో లేడు. నర్సమ్మ ఇంటి కాలవ ఏ మోరీలో కలుస్తుందో చూసొస్తానని వెళ్లాడు.

మందుల షాపు అతని భార్య వయసులో చిన్నమ్మాయి. వెనక గదిలో నిలబడి కిటికీ తెరిచింది. “ఈ గది పాపకిచ్చేద్దాం. బీరువా తీశాక మంచం ఈ కిటికీ కింద వేద్దాం. గాలి వస్తుంది. ఏం అక్కా?”

కుట్టే ఆవిడ గుమ్మంలో ఉంది. చేతిలో వాళ్ల కోసం తెచ్చిన మంచినీళ్ల గ్లాసులున్నాయి. వాటిని నేల మీద పెట్టి, బీరువా దగ్గరికి వెళ్లి, ఒక పక్క పట్టుకుని లాగింది. కదల్లేదు.

“ఇప్పుడెందుకక్కా?” అంది అమ్మాయి.

“ఓ చెయ్యి వెయ్యి.”

ఇద్దరూ కలిసి ఆ మూల నుంచి ఈ మూలకు తిప్పుతూ బీరువాను గోడకు దూరంగా తెచ్చారు. నేల మీద రెండు గీతలు పడ్డాయి.

“ఈ గోడకి తడి దిగుతుంది,” అంది ఆమె. “గాలివానకి. కిటికీ కింద నుంచి మొదలవుతుంది. ఏటా వస్తుంది. పోయిన నెల పూత వేశాం. మొన్నటి జల్లుకి మళ్లీ కాస్త దిగింది. మంచం ఇక్కడ వెయ్యొద్దు.”

అమ్మాయి తన భర్త వైపు చూసింది. అతను సెల్‌ఫోను లైటు వేసి గోడకు దగ్గరగా పట్టుకున్నాడు. నీలం రంగు మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. తర్వాత లైటుతోనే వంటగదిలోకి వెళ్లాడు. సింకు కింద చూశాడు. బాత్రూం తలుపు వెనక చూశాడు. హాల్లో కుర్చీ ఎక్కి కప్పు మూలలు చూశాడు.

“ఇంకెక్కడెక్కడ ఉన్నాయి?” అన్నాడు కుర్చీ దిగి.

“ఇంకెక్కడా లేదు.”

“ఇంతమాత్రానికి మీ అంతట మీరు చెప్పరు కదక్కా.”

మీటర్ రీడర్ అప్పుడే లోపలికి వచ్చాడు. బూట్లకు మోరీ బురద ఉంది. బీరువా గది మధ్యలో ఉండడం చూశాడు. భార్యను చూశాడు. అడగాల్సిందేమీ మిగల్లేదు.

“అన్నా, వంటింట్లో కారుతుందా?” అన్నాడు మందుల షాపు అబ్బాయి.

“లేదు.”

“బాత్రూం?”

“లేదన్నానుగా.”

“పైకప్పు?”

“ఈ గోడ తప్ప ఈ ఇంట్లో చుక్క కారదు. ఇంకెన్నిసార్లు చెప్పాలి?”

“మేం మొదటిసారి ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు ఈ గోడ కూడా కారదనేగా చెప్పారు,” అన్నాడు ఆ అబ్బాయి. గొంతు పెంచలేదు.

 అమ్మాయి తన భర్త చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. ఆలోచించి చెప్తామని ఇద్దరూ వెళ్లిపోయారు. మంచినీళ్లు తాగలేదు.

“నిన్నెవరు చెప్పమన్నారు?” అన్నాడు ఆయన, గేటు పడిన చప్పుడు విన్నాక.

“పాప మంచం అక్కడ వేస్తానంది.”

“ఇప్పుడు ఈ ఇల్లూ అమ్ముడుపోదు, ఆ ఇల్లూ రాదు. నీ గదీ పోయింది.”

“పోతే హాల్లోనే కుట్టుకుంటాను.” ఆమె బల్ల పరిచి, సుద్దముక్క తీసుకుని, ఒక లంగా గుడ్డ మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. గీత వంకర పోయింది. చేత్తో తుడిచి మళ్లీ గీసింది.

ఆయన భోజనం సగంలో లేచాడు. హాల్లో అటూ ఇటూ తిరిగాడు. వంటగది సింకు కింద తనూ వంగి చూసొచ్చాడు.

“చుక్క లేదు. వంటింట్లో ఈ ఇల్లు కట్టినప్పటి నుంచి చుక్క లేదు. లేనిదాన్ని లేదంటే నమ్మడేం వాడు?”

ఆమె కత్తెర ఆపి ఆయన వైపు చూసింది. చూసి, మళ్లీ కత్తిరించుకుంది.

“ఏంటా చూపు?”

“ఏం లేదు. గుడ్డ మీద కాలు వేయకండి.”

సాయంత్రానికి పడమట మబ్బు పట్టింది. గాలి లేచి పెరట్లో తీగ మీద బట్టలు ఒక పక్కకు ఎగిరాయి. ఆమె వాటిని తీసి లోపలికి తెచ్చేసరికి భర్త గొడుగు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నర్సమ్మ వీధికి వెళ్లే బస్సు ఇంకాసేపట్లో వస్తుంది.

ఆయన ఆకాశం చూశాడు. వెనక గది వైపు చూశాడు. గొడుగు తలుపు వారకు ఆనించి, జేబులోంచి ఫోను తీశాడు.

“వాన వస్తోంది. మీరొచ్చి కూర్చుని చూసుకోండి,” అన్నాడు ఫోనులో. “ఇల్లంతా చూసుకోండి. ఏ గోడ కావాలంటే ఆ గోడ.”

మందుల షాపు అతను తడుస్తూ వచ్చాడు. వెనక గదిలో రెండు స్టూళ్లు వేశారు. వాన కిటికీ అద్దానికి కొడుతోంది. మీటర్ రీడర్ చొక్కా జేబులోంచి పెన్సిల్ తీసి, కొత్త నీలం రంగు మీద, కిటికీ కింద ఒక గుండ్రం గీశాడు.

“ముందు ఇక్కడ కనిపిస్తుంది. ఇక్కడి నుంచి ఇలా దిగి, ఈ మూలకి చేరుతుంది. దీనికి అవతల రాదు.” మూల దగ్గర నిలువుగా ఒక గీత గీశాడు. “వస్తే నన్నడుగు.”

ఇద్దరూ గోడకు ఎదురుగా కూర్చున్నారు. ఆమె టీ తెచ్చింది. అబ్బాయి గ్లాసు తీసుకుని, తాగకుండా, గోడ చూస్తున్నాడు. మధ్యలో లేచి వంటగదిలోకీ బాత్రూంలోకీ వెళ్లొచ్చాడు. మీటర్ రీడర్ వెంట వెళ్లలేదు.

హాల్లో ఆమె ఫోను మోగింది. నర్సమ్మ.

“మీ ఆయన కోసం కింది గదిలో కుర్చీ వేసి ఉంచాను తల్లీ. వాన పడితే వచ్చి కూర్చుంటానని మోరీ దగ్గర ఎవరితోనో అన్నారట. రాలేదేం?”

“ఇక్కడ పనిపడిందమ్మా.”

“ఇప్పుడే మెట్లు దిగి చూశాను. నీళ్లు రాలేదు. రేపొచ్చి చూసుకోమను.”

ఆమె ఆ సంగతి వెనక గది గుమ్మంలోకి వచ్చి చెప్పింది. భర్త తల తిప్పలేదు. విన్నట్టు చెయ్యి మాత్రం ఎత్తాడు.

తడి గుండ్రం లోపలే కనిపించింది. మొదట నీలం రంగు ముదిరింది. తర్వాత గోరంత మేర మెరిసింది. ఆ మెరుపు పలచగా సాగి, పెన్సిల్ గీసిన దారినే దిగి, మూలకు చేరి, నిలువు గీత ఇవతల ఆగింది. అబ్బాయి స్టూలు ముందుకు జరుపుకుని వేలితో తాకి, వేలు చూసుకున్నాడు. మళ్లీ ఇల్లంతా తిరిగాడు. ఈసారి పైకప్పు కింద చాలాసేపు నిలబడ్డాడు.

తిరిగి వచ్చి గ్లాసులో చల్లారిన టీ తాగాడు.

“బయట వైపు గోడ గీకించాలి. లోపల ఎంత పూసినా ఆగదు,” అన్నాడు.

“నాకూ తెలుసు,” అన్నాడు మీటర్ రీడర్.

వాన తగ్గాక అబ్బాయి బయల్దేరాడు. మీటర్ రీడర్ గొడుగు ఇచ్చాడు. వస్తామని గానీ రామని గానీ అతను చెప్పలేదు. ఆమె బల్ల మడిచి అన్నాలు పెట్టింది.

సోమవారం లాయరు ఆఫీసుకు తమ్ముడి టాక్సీలో వెళ్లారు. బెంచీ మీద ఎవరూ లేరు. మీటర్ రీడర్ గోడ గడియారం కింద నిలబడ్డాడు. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు బండి దగ్గరికి వెళ్లి వచ్చాడు. “గొడుగైనా ఇవ్వడానికి వస్తాడులే బావా,” అన్నాడు. 

పదకొండు దాటాక మందుల షాపు అతనూ భార్యా వచ్చారు. పాప చంకలో ఉంది. వచ్చి లాయరు బల్లకు అటుపక్క కూర్చున్నారు.

లాయరు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటి చదివాడు. చెదలున్నాయా అన్నాడు. లేవన్నాడు మీటర్ రీడర్. పునాదిలో పగుళ్లు ఉన్నాయా అన్నాడు. లేవన్నాడు. నీళ్ల సమస్య ఉందా అన్నాడు.

“ఉంది,” అన్నాడు మీటర్ రీడర్.

లాయరు పెన్ను ఆపి, ఎక్కడ అని అడిగాడు.

“వెనక గదిలో, కిటికీ కింద,” అన్నాడు మందుల షాపు అతను. “ఇంకెక్కడా లేదు. చూశాను.”